బూజుకు బూజే విరుగుడు

గింజ మీద కంటికి కనిపించే బూజు కంటే, ఆ బూజు గింజలో విడిచిపోయే విషం ఎక్కువ ప్రమాదకరం. బూజును దులిపితే రాలుతుంది, కడిగితే కొట్టుకుపోతుంది. విషం మాత్రం రంగూ రుచీ వాసనా తెలియనివ్వకుండా గింజలోనే మిగిలి, మరపట్టించిన పిండిలోకి, కాచిన గటకలోకి, కోళ్ల దాణాలోకి, పశువు తిన్న మేత మీదుగా పాలలోకి చేరుతుంది. శిలీంధ్రాలు తయారుచేసే ఇటువంటి విషాలకు మైకోటాక్సిన్లు అని పేరు. వాటిలో మనిషి ప్రాణానికి అత్యంత హాని చేసేదిగా గుర్తింపు పొందినది అఫ్లాటాక్సిన్. మొక్కజొన్న, వేరుశనగ, పత్తిగింజ, మిరప వంటి పంటల మీద పెరిగే ఆస్పర్‌జిల్లస్ ఫ్లేవస్ అనే పసుపుపచ్చ బూజు దాన్ని ప్రధానంగా తయారుచేస్తుంది. ఈ విషాన్ని పొలంలోనే అడ్డుకోవడానికి గత నాలుగు దశాబ్దాల్లో జరిగిన ప్రయత్నాలన్నిటిలోకీ గట్టిగా నిలిచింది, అదే జాతిలో పుట్టి విషం చేయడం చేతకాని మరొక బూజును చేనులో చల్లే పద్ధతి. ఈ పద్ధతి ఎలా పుట్టింది, ఎలా పనిచేస్తుంది, దానికి ఎక్కడ అడ్డంకులు ఎదురయ్యాయి అన్నది మొక్కజొన్న పండించే రైతుకూ, ఆ గింజను ఏదో ఒక రూపంలో తినే ప్రతి ఇంటికీ తెలియవలసిన విషయం.

ఆస్పర్‌జిల్లస్ అన్న పేరు ఇటలీ దేశస్థుడైన మికేలీ 1729లో పెట్టినది. మతగురువు కూడా అయిన ఆయనకు, సూక్ష్మదర్శిని కింద తల విరబోసుకున్నట్టు కనిపించిన ఆ బూజు, చర్చిలో పవిత్రజలం చిలకరించే సాధనాన్ని గుర్తుకు తెచ్చింది. పేరు అంత పాతదైనా, అది చేసే విషం గురించి లోకానికి తెలిసింది 1960లోనే. ఆ ఏడాది ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు అంతుపట్టని జబ్బుతో చనిపోగా, కారణం తెలియక దానికి ‘టర్కీ ఎక్స్ జబ్బు’ అని పేరు పెట్టి, చివరికి వాటి దాణాలో కలిపిన బ్రెజిల్ వేరుశనగ చెక్కను పరీక్షిస్తే ఈ బూజూ, దాని విషమూ బయటపడ్డాయి. ఈ విషంలోని రకాల్లో అతినీలలోహిత కాంతిలో నీలంగా మెరిసేవాటిని బి అనీ, ఆకుపచ్చగా మెరిసేవాటిని జి అనీ వర్గీకరించారు. వీటిలో బి1 అన్నిటికంటే తీవ్రమైనది. పశువు తిన్న బి1 కొంత రూపు మార్చుకుని ఎం1గా పాలలో దిగుతుంది. కాలేయంలో బి1 మారి ఏర్పడే పదార్థం జన్యుపదార్థానికి అంటుకుని దాన్ని దెబ్బతీస్తుంది కనుక, అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ అఫ్లాటాక్సిన్లను మనిషికి క్యాన్సర్ కలిగిస్తాయని నిర్ధారణ అయిన మొదటి వర్గంలో చేర్చింది. హెపటైటిస్ బి వైరస్ ఉన్నవారు ఈ విషాన్ని కూడా తింటే కాలేయ క్యాన్సర్ ముప్పు రెండింటినీ కూడినంత కాదు, హెచ్చించినంత పెరుగుతుంది. మామూలు వంట వేడికి ఈ విషం పూర్తిగా నశించదు. ఉడికించినా, కాల్చినా, వేయించినా చాలావరకు నిలిచే ఉంటుంది.

ఈ విషం మనుషులను ఏం చేయగలదో లోకానికి చెప్పిన తొలి పెద్ద నివేదికల్లో ఒకటి హైదరాబాదు నుంచే వెలువడింది. 1974 చివరలో రాజస్థాన్‌లోని బాంస్వాడా, గుజరాత్‌లోని పంచమహల్ జిల్లాల్లో పక్కపక్కనే ఉన్న రెండు వందలకు పైగా గ్రామాల్లో కామెర్లు, కడుపులో నీరు చేరడం వంటి లక్షణాలతో జనం మంచం పట్టారు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు కృష్ణమాచారి, రమేశ్ భట్ తదితరులు ఆ ఊళ్లకు వెళ్లి, కోత సమయంలో పడిన అకాల వర్షాలకు తడిసి బూజు పట్టిన మొక్కజొన్నే దీనికి మూలమని తేల్చి, 1975లో లాన్సెట్ పత్రికలో ప్రకటించారు. 397 మంది జబ్బుపడగా 106 మంది మరణించారు. ఇంట్లో మిగిలిన తిండి తినే కుక్కలకూ అదే జబ్బు వచ్చింది. అక్కడి గింజల్లో కిలోకు 6.25 నుంచి 15.6 మిల్లీగ్రాముల అఫ్లాటాక్సిన్ ఉన్నట్టు కొలిచారు. నేడు భారత ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ ధాన్యాల్లో అనుమతించే పరిమితి కిలోకు 15 మైక్రోగ్రాములు, అంటే వంద కోట్ల భాగాల్లో పదిహేను భాగాలు. ఆ ఊళ్లలోని గిరిజన కుటుంబాలు తిన్న మొక్కజొన్నలో ఈ పరిమితికి నాలుగు వందల నుంచి వెయ్యి రెట్ల విషం ఉంది. వారు బూజును గుర్తించలేక తినలేదు, ఇంట్లో వేరే గింజ లేక తిన్నారు. ఈ విషాన్ని గురించిన ఏ చర్చ అయినా ఆ సంగతిని మరచిపోకూడదు.

బూజు విషాలు ఎక్కడో దూరపు కథ కావని ఇరవయ్యేళ్ల తరువాత మరోసారి రుజువైంది. 1995లో దక్కన్ పీఠభూమిలోని 27 గ్రామాల్లో వానకు తడిసిన జొన్నలు, మొక్కజొన్నలు తిన్నవారికి కడుపునొప్పి, విరేచనాలు పట్టుకోగా, ఆ గింజల్లో ఫ్యుమోనిసిన్ అనే మరో విషం ఉందని అదే సంస్థకు చెందిన శాస్త్రజ్ఞులు కనుగొన్నారు. దాన్ని తయారుచేసేది ఆస్పర్‌జిల్లస్ కాదు, ఫ్యుజేరియం అనే వేరొక బూజు. ఖరీఫ్ జొన్న గింజ ముదిరే వేళ వాన పడితే కంకి నల్లబడి, గులాబి రంగు తేలి పాడవడం తెలుగు రైతుకు తెలియనిది కాదు. ఆ రంగుల్లో విషం చేయగల బూజులు కూడా ఉంటాయన్నదే చాలామందికి తెలియని సంగతి.

తూర్పు కెన్యాలోని మకుయేని, కిటుయి ప్రాంతాల్లో 2004లో జరిగినది ఇంకా పెద్ద విషాదం. మొత్తం 317 మంది జబ్బుపడి, 125 మంది చనిపోయారు. ఆ సమయంలో అక్కడి బజార్లలో సేకరించిన మొక్కజొన్న నమూనాల్లో సగానికి పైగా, అంటే 55 శాతం, అప్పటి పరిమితి అయిన కిలోకు 20 మైక్రోగ్రాములను దాటాయి. 7 శాతం నమూనాల్లో వెయ్యి మైక్రోగ్రాములకు మించి విషం ఉంది. తరువాతి పరిశోధనలో మరో విషయం తెలిసింది. ఆ గింజల మీద ఉన్న బూజుల్లో అధిక భాగం, గట్టి నల్లని చిన్న చిన్న ఉండలు విస్తారంగా కట్టి, విపరీతంగా విషం చేసే ఒక ప్రత్యేక వంశానికి చెందినవి. అంటే ఒక ప్రాంతపు మట్టిలో ఏ వంశపు బూజు పైచేయిగా ఉందన్న దాన్ని బట్టే ఆ ఊరి గింజలో ఎంత విషం చేరుతుందో చాలావరకు నిర్ణయమవుతుంది. ఈ వ్యాసం చెప్పే విరుగుడు మొత్తం ఈ ఒక్క సత్యం మీదే నిలబడి ఉంది.

ఆస్పర్‌జిల్లస్ ఫ్లేవస్ నివాసం ప్రధానంగా నేల. పంట కోసిన తరువాత పొలంలో మిగిలిన కండెలు, చొప్ప, రాలిన గింజల మీద అది బతుకుతుంది. కాలం కలిసిరానప్పుడు స్క్లెరోషియా అనే గట్టి ఉండల రూపంలో నిద్రపోతుంది. వేడి పెరిగి గాలి పొడిబారగానే కోట్లాది సిద్ధబీజాలను, అంటే విత్తనం లాంటి సూక్ష్మమైన పొడిని, గాలిలోకి వదులుతుంది. మొక్కజొన్న పీచు వేసి, గింజ పాలుపోసుకునే దశలో వానలు ముఖం చాటేసి ఎండ తీవ్రమైతే మొక్క నీరసించి తన రక్షణను కోల్పోతుంది. అప్పుడు సిద్ధబీజాలు పీచు వెంబడి కంకి లోపలికి దిగుతాయి. కంకి తొలిచే పురుగు చేసిన రంధ్రం ఉంటే ఆ దారి మరింత సుగమం. గింజలో తేమ తగ్గకముందే కోసి, గుట్టగా పోసి, సరిగా ఆరబెట్టకుండా గోనెసంచుల్లోకి ఎత్తితే, చేనులో మొదలైన దాడి కొట్టులో పూర్తవుతుంది. బూజును నిల్వలో వచ్చే సమస్యగా మాత్రమే భావించి ఆరబెట్టడం గురించే మాట్లాడడం చాలాకాలం జరిగిన పొరపాటు. ఎంత బాగా ఆరబెట్టినా, పొలం నుంచే విషంతో వచ్చిన గింజ మంచి గింజ కాదు. పొత్తు ఆకుల పొరల లోపల జరిగే ఈ దాడిని పైనుంచి పిచికారీ చేసే మందు అందుకోవడమూ కష్టమే.

ఇక్కడే ప్రకృతి ఒక అవకాశాన్ని వదిలిపెట్టింది. ఆస్పర్‌జిల్లస్ ఫ్లేవస్ జాతిలో పుట్టిన ప్రతి వంశమూ విషం చేయదు. విషం తయారీకి కావలసిన పాతిక ముప్ఫై జన్యువులు ఆ బూజు జన్యుపదార్థంలో ఒకేచోట గుంపుగా ఉంటాయి. ఒక వంశంలో ఆ గుంపులోని ఒక్క అక్షరం మారి మొదటి మెట్టు దగ్గరే పని ఆగిపోతే, మరో వంశంలో ఆ గుంపంతా ఊడిపోయి ఉండవచ్చు. ఇవి ప్రయోగశాలలో చేసిన మార్పులు కావు, పొలంలో తమంతట తాము జరిగినవి. ఇలా విషం పోగొట్టుకున్న బూజును మనిషి మచ్చిక చేసుకున్న ఉదాహరణ కూడా ఒకటి ఉంది. జపానువారు శతాబ్దాలుగా సోయా సాస్, మిసో, బియ్యపు మద్యం తయారీలో వాడుతున్న కోజి బూజు, ఆస్పర్‌జిల్లస్ ఒరైజే, ఈ విషపు బూజుకు అత్యంత దగ్గరి చుట్టం. ఒకటి వంటింట్లో చేరి గౌరవం పొందితే, మరొకటి గాదెలో చేరి ప్రాణాలు తీస్తోంది.

ఈ తేడాను పంట రక్షణకు వాడుకోవచ్చని 1980వ దశకం చివరలో అమెరికా వ్యవసాయ శాఖకు చెందిన పీటర్ కాటీ అరిజోనా పత్తిచేలలో పనిచేస్తూ గ్రహించారు. అక్కడ పత్తిగింజలను పాడిపశువులకు మేతగా పెడతారు. గింజలో విషం ఉంటే పాలలో ఎం1 దిగుతుంది, పాలు పారబోయవలసి వస్తుంది. కాటీ, ఆ రాష్ట్రంలోని యూమా లోయలో దొరికిన విషం చేయని ఒక వంశానికి ఏఎఫ్36 అని పేరు పెట్టి, దాన్ని పొలంలో చల్లితే గింజలోని విషం గణనీయంగా తగ్గుతుందని చూపించారు. 2003లో అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ పత్తిలో దాని వాడకానికి అనుమతినిచ్చింది. ఆ వంశాన్ని పెంచి ఉత్పత్తి చేసే బాధ్యతను పత్తి రైతుల సొంత సంస్థ అయిన అరిజోనా పత్తి పరిశోధన రక్షణ మండలి చేపట్టడం ప్రత్యేకంగా చెప్పుకోదగినది. మరుసటి సంవత్సరం, జార్జియాలో ఒక వేరుశనగ గింజ నుంచి వేరుచేసిన మరో వంశానికి అఫ్లా-గార్డ్ అనే పేరుతో వేరుశనగలో అనుమతి లభించింది. తరువాత అది మొక్కజొన్నకూ విస్తరించింది.

ఈ మేలు బూజు పనిచేసే తీరు చాలామంది ఊహించుకునేదానికి భిన్నం. అది శత్రువును చంపదు, తినదు, దాని మీద ఏ మందూ చల్లదు. పొలంలో బూజు బతకగల చోటు, తినగల తిండి పరిమితం. ఆ చోటునూ ఆ తిండినీ ముందుగా ఆక్రమించినవారికే పంట దక్కుతుంది. బస్సులో తువ్వాలు వేసి సీటు పట్టినట్టు, విషం చేయని వంశం సరైన సమయంలో పెద్దసంఖ్యలో వచ్చి పీచునూ గింజనూ ముందే ఆక్రమిస్తే, తరువాత వచ్చిన విషపు వంశానికి నిలిచే చోటు ఉండదు. రెండూ ఒకే జాతివి కనుక ఒకే వేడిలో, ఒకే తేమలో, ఒకే గింజ మీద పెరుగుతాయి. అందుకే వేరే ఏ సూక్ష్మజీవీ చేయలేనంత సూటిగా ఇది పోటీ ఇవ్వగలుగుతుంది. శాస్త్రజ్ఞులు దీన్ని పోటీ ద్వారా తొలగింపు అంటారు. పొలంలో బూజు మొత్తం పరిమాణం దీర్ఘకాలంలో పెద్దగా పెరగదు, అందులో విషం చేసేవాటి వంతు మాత్రం తగ్గుతుంది. ఆ కూర్పు కోతతో ఆగిపోదు; గింజతో పాటు మేలి వంశమే కొట్టులోకి వెళ్తుంది కనుక నిల్వలో కూడా కొంత రక్షణ ఉంటుంది, నేలలో మిగిలినది మరుసటి పంటకూ కొంత ఉపకరిస్తుంది.

చల్లే విధానం తేలికైనది. మొలకెత్తకుండా వేయించి చంపిన జొన్న గింజల మీద మేలి బూజు సిద్ధబీజాలను పూతగా పట్టించి, తిండిగింజలతో కలిసిపోకుండా వాటికి నీలిరంగు వేస్తారు. ఆఫ్రికాలో అఫ్లాసేఫ్ అనే పేరుతో వస్తున్న ఈ గింజలను హెక్టారుకు పది కిలోల చొప్పున, అంటే ఎకరాకు సుమారు నాలుగు కిలోలు, మొక్కజొన్న పూతకు రావడానికి రెండు మూడు వారాల ముందు, నేల తడిగా ఉన్నప్పుడు చేతితో ఎరువు చల్లినట్టు చాళ్లలో చల్లాలి. మంచుకో తడికో గింజ నానితే, రెండు మూడు రోజుల్లో ఆ నీలి గింజ మీద ఆకుపచ్చ బూజు పుట్టి, కొన్ని వారాలపాటు సిద్ధబీజాలను వదులుతూనే ఉంటుంది. జొన్న ఇక్కడ వాహనమూ, ఆ బూజుకు తొలి ఆహారమూ. పూత రాకముందే ఎందుకంటే, పీచు బయటకు వచ్చేసరికి గాలిలో మేలి వంశానిదే ఆధిక్యం కావాలి. కంకి వేశాక చల్లితే సీటు నిండాక బస్సెక్కినట్టే. నేల పొడిగా ఉంటే చల్లిన గింజ మొలవని విత్తనంలా పడి ఉంటుంది, చీమలూ పక్షులూ ఎత్తుకుపోతాయి. తడి, సమయం అనే ఈ రెండు షరతులూ పాటించిన పొలాల్లో విషం 80 శాతానికి పైగా, చాలాచోట్ల 90 శాతానికి పైగా తగ్గింది.

అమెరికా వంశాలను తెచ్చి ఆఫ్రికా నేలలో చల్లకుండా, ప్రతి దేశానికీ దాని సొంత మట్టిలోంచే మేలి వంశాలను వెతకడమన్నది ఈ కథలో అత్యంత వివేకవంతమైన నిర్ణయం. నైజీరియాలోని ఇబాడాన్‌లో ఉన్న అంతర్జాతీయ ఉష్ణమండల వ్యవసాయ సంస్థలో ఈ పనికి నాయకత్వం వహించినవారు రణజిత్ బందోపాధ్యాయ. ఆయన అక్కడికి వెళ్లకముందు హైదరాబాదు శివారు పటాన్‌చెరులోని ఇక్రిశాట్ అనే వ్యవసాయ పరిశోధన సంస్థలో చాలాకాలం జొన్న గింజ బూజు మీద పరిశోధన చేసినవారు. దక్కన్ చేలలో నేర్చిన విద్య ఆఫ్రికా రైతుకు అక్కరకు రావడం తెలుగు పాఠకులు తెలుసుకోదగిన సంగతి. కాటీ, బందోపాధ్యాయల బృందం దేశదేశాల్లో వేలాది గింజల నుంచి బూజులను వేరుచేసి, వాటిలో విషం చేయనివాటిని ఏరి, జన్యుగుంపులో లోపం నిజంగా ఉందో లేదో సరిచూసి, దేశమంతటా విస్తృతంగా కనిపించే వంశాలకు చెందినవాటిని పొలాల్లో పరీక్షించి, చివరికి ఒక్కో ఉత్పత్తిలో నాలుగేసి వంశాలను కలిపింది. ఒక వంశం ఒక వాతావరణంలో వెనుకబడితే మరొకటి ముందుకు వస్తుందని ఈ ఏర్పాటు. నైజీరియాలో 2014లో పూర్తి అనుమతి లభించింది. కెన్యా, సెనెగల్, గాంబియా తదితర దేశాలు ఆ తరువాత వరుసకట్టాయి. 2004లో జనం చనిపోయిన ప్రాంతానికి సమీపంలోనే, మచాకోస్ వద్ద కటుమానిలో, కెన్యా వ్యవసాయ పరిశోధన సంస్థ ఆవరణలో దీని తయారీ కేంద్రం వెలసింది.

శాస్త్రం ఇంతవరకు తన పని చేసింది. సంత మాత్రం తన పని చేయలేదు. విషం కంటికి కనిపించదు కనుక విషం లేకపోవడమూ కనిపించదు. సంతలో రెండు కుప్పలు పక్కపక్కన పోస్తే, డబ్బు పెట్టి మేలి బూజు చల్లి పండించిన గింజకూ, ఏమీ చేయకుండా పండించిన గింజకూ ఒకే ధర పలుకుతుంది. అటువంటప్పుడు చిన్నరైతు తన చేతి డబ్బు ఎందుకు పెట్టాలి? ఈ ప్రశ్నకు నైజీరియాలో ఒక జవాబు ప్రయత్నించారు. 2013లో మొదలైన అగ్‌రిజల్ట్స్ అనే పథకం కింద, రైతులను కూడగట్టి గింజను సేకరించే సంస్థలకు, పరీక్షలో ఆ మేలి వంశాలు గింజ మీద అధికంగా ఉన్నట్టు తేలితే టన్నుకు 18.75 డాలర్ల ప్రోత్సాహకం ఇచ్చారు. విషం తక్కువగా ఉన్న మొక్కజొన్నకు కోళ్ల దాణా, ఆహార పరిశ్రమలు మెరుగైన ధర ఇవ్వడం మొదలయ్యాక రైతులు ఆ గింజలను తమ ఖర్చుతో కొనడమూ మొదలైంది. ఇందులోంచి తీయగల పాఠం స్పష్టం. కొలవని గుణానికి ధర ఉండదు. కొనేవాడు విషాన్ని పరీక్షించి ధర కట్టనిదే ఏ జీవనియంత్రణ పద్ధతీ పొలంలో నిలవదు.

ఈ పద్ధతి మీద వచ్చిన అభ్యంతరాలను తేలికగా తీసుకోరాదు. ఈ బూజుకు లైంగిక పునరుత్పత్తి కూడా ఉందని 2009లో తేలింది. అంటే విషం చేయని వంశం విషం చేసేదానితో కలిసి, పోయిన జన్యువులను తిరిగి సంపాదించుకోవచ్చు కదా అన్నది మొదటి ప్రశ్న. ఒక్క అక్షరం మారి ఆగినదానికంటే జన్యుగుంపు మొత్తం కోల్పోయిన వంశాలను ఎంచుకోవడం, ఇప్పటికే స్థానికంగా స్థిరపడి విస్తరించిన వంశాలనే వాడడం దీనికి శాస్త్రజ్ఞులు చూపే జాగ్రత్తలు. అఫ్లాటాక్సిన్ చేయని వంశాల్లో కొన్ని సైక్లోపియాజోనిక్ ఆమ్లం అనే వేరొక విషాన్ని చేస్తాయి. ఎంపికలో దాన్నీ పరీక్షించడం అవసరం. ఆస్పర్‌జిల్లస్ ఏ వంశానిదైనా రోగనిరోధక శక్తి తగ్గినవారి ఊపిరితిత్తుల్లో జబ్బు కలిగించవచ్చు, కొందరికి పడకపోవచ్చు. చల్లేవారు ముక్కుకు గుడ్డ కట్టుకోవాలి, చేతులకు తొడుగులు వేసుకోవాలి. ఈ జాగ్రత్తలన్నీ పాటించదగినవే. అయినా ఆ బూజు చల్లినా చల్లకపోయినా పొలంలో ఉంటుందనీ, ఉన్నది విషపుదా కాదా అన్నదొక్కటే మన చేతిలో ఉందనీ గుర్తిస్తే, తూకం ఎటు మొగ్గుతుందో తెలుస్తుంది.

ఫ్యుజేరియం విషాల విషయంలో దారి వేరు. గోధుమ, బార్లీ కంకులను ఎండగట్టే ఫ్యుజేరియం గ్రామినియారం మీద క్లోనోస్టాకిస్ రోజియా అనే గులాబి రంగు శిలీంధ్రాన్ని ప్రయోగించి చూశారు. ఇది పోటీ పడడమే కాక, శత్రువు తంతువులకు చుట్టుకుని దాన్ని తిని బతుకుతుంది. ఫ్యుజేరియం చేసే జియరలెనోన్ అనే విషాన్ని విడగొట్టే ఎంజైమును సైతం తయారుచేస్తుంది. పంట అవశేషాల మీద చల్లితే మరుసటి ఏడాదికి శత్రువు సిద్ధబీజాలు తగ్గుతాయి. తెలుగు రైతుకు చిరపరిచితమైన ట్రైకోడెర్మా విరిడి కూడా ఈ తినే జాతిదే. రెండు కిలోల ట్రైకోడెర్మా పొడిని 90 కిలోల మాగిన పశువుల ఎరువు, 10 కిలోల వేపపిండితో కలిపి, తడి చల్లి, నీడలో మగ్గబెట్టి చేనులో వేయడం వ్యవసాయాధికారులు ఏళ్లుగా చెబుతున్న మాట. ఎండుతెగులు, వేరుకుళ్ళు వంటి నేల తెగుళ్లలో దాని విలువ స్థిరపడింది. అయితే ట్రైకోడెర్మా వేసిన చేనులో అఫ్లాటాక్సిన్ భయం తీరిపోయినట్టే అనుకోవడం సరికాదు. రెండింటి పనీ వేరు.

వేడెక్కుతున్న వాతావరణం ఈ విషయాన్ని మరింత అత్యవసరం చేస్తోంది. అఫ్లాటాక్సిన్ ఉష్ణదేశాల బెడద అనుకున్న ఐరోపాలో, 2012 కరువు వేసవి తరువాత ఇటలీ, సెర్బియా మొక్కజొన్నల్లోనూ, 2013లో పాలలోనూ ఈ విషం కనిపించి కలకలం రేగింది. ఇటలీ పరిశోధకులు తమ దేశపు చేలలోంచే విషం చేయని ఒక వంశాన్ని వెతికి, ఏఎఫ్-ఎక్స్1 పేరుతో 2015 నుంచి తాత్కాలిక అనుమతుల మీద మొక్కజొన్నలో వాడుతున్నారు. ఆఫ్రికా చిన్నరైతుకు కుదిరిన పద్ధతే ఇటలీలోని పో నది మైదానపు పెద్ద కమతాలకూ కుదిరింది.

తెలుగు రాష్ట్రాల్లో మొక్కజొన్న ఇప్పుడు చిన్న పంట కాదు. గుంటూరు, కృష్ణా ప్రాంతాల్లో వరి కోసిన మాగాణుల్లో దున్నకుండా వేసే రబీ మొక్కజొన్న నుంచి, తెలంగాణ మెట్టభూముల్లో వర్షం మీద పండే ఖరీఫ్ మక్కల దాకా విస్తరించిన ఈ పంటలో ఎక్కువ భాగం కోళ్ల దాణాకు పోతుంది. 2018లో దేశంలోకి ప్రవేశించిన కత్తెర పురుగు కంకులను కూడా తొలుస్తుంది. పురుగు తొలిచిన ప్రతి కంకీ బూజుకు తెరిచిన తలుపు. వేరుశనగ కాయ ఊరే దశలో నేల బెట్టకు వచ్చే అనంతపురం ఎర్రనేలల్లో ఇదే విషం ఇదే కారణంగా కాయలో చేరుతుంది. విషాన్ని కొలిచే సాధనాలకు కొరత లేదు; తక్కువ ఖర్చుతో అఫ్లాటాక్సిన్‌ను గుర్తించే పరీక్షా విధానాన్ని ఇక్రిశాట్ ఎప్పుడో రూపొందించింది. ఈ నేలలో చల్లదగిన మేలి వంశం ఈ నేలలోనే దొరకాలి. నైజీరియా సంచి తెచ్చి ఇక్కడ విప్పడం శాస్త్రమూ కాదు, చట్టమూ ఒప్పుకోదు. జీవ శిలీంధ్రనాశకాలు కూడా మన దేశంలో 1968 నాటి పురుగుమందుల చట్టం కింద నమోదు కావలసినవే. జిల్లా జిల్లాకూ మట్టినీ గింజలనూ సేకరించి, వంశాలను ఏరి, రైతుల చేలలో నాలుగైదు పంటకాలాలు పరీక్షించి, నమోదు దాకా తీసుకుపోయే ఓపిక గల పని ఇది. వ్యవసాయ విశ్వవిద్యాలయాలు, పౌల్ట్రీ సంఘాలు కలిసి పూనుకుంటే సాధ్యమైనదే. దాణాలో విషం వల్ల గుడ్లు తగ్గి, కోళ్లు చచ్చి నష్టపోయేది మొదట ఆ పరిశ్రమే కనుక ఖర్చులో వంతు పంచుకోవడం దానికీ న్యాయమే.

ఆ రోజు వచ్చినా మేలి బూజు ఒక్కటే అన్నిటినీ చూసుకోదు. పూత, గింజ కట్టే దశల్లో ఒక తడి అందించడం, పురుగును అదుపులో ఉంచడం, గింజ ముదరకముందే కోతకు తొందరపడకపోవడం, పొత్తులను మట్టి నేల మీద కాక పట్టాల మీద ఆరబెట్టడం, గింజలో తేమ 13 శాతానికి దిగేవరకు సంచికెత్తకపోవడం, విరిగినవీ రంగు మారినవీ ఏరివేయడం మునుపటిలాగే అవసరం. ఏరివేసిన ఆ గింజల్లోనే విషం అత్యధికంగా పోగుపడి ఉంటుంది. వాటిని పారవేయడానికి మనసొప్పక పశువుకో కోళ్లకో వేయడం, కూలికి వచ్చినవారికి ఇచ్చివేయడం ఊళ్లలో ఇప్పటికీ జరుగుతోంది. పాడిగేదె తిన్న విషం ఒక రోజు తిరిగేసరికి పాలలో దిగుతుంది, ఆ పాలు ఇంట్లో ముందుగా తాగేది పసిబిడ్డ. బూజు పట్టిన పొత్తులను దయచేసి ఎవరికీ పెట్టవద్దు, దేనికీ వేయవద్దు. చేనుకు దూరంగా కాల్చివేయండి లేదా లోతుగా గుంట తీసి పూడ్చండి.